హోమ్ సర్వర్ ఫ్యాన్ల స్పీడ్ సాఫ్ట్‌వేర్‌తో కంట్రోల్ చేయడం ఎలా? మన ఎండలకి సరిపోయే సెట్టింగ్స్‌తో

పాత డెస్క్‌టాప్‌లో నాలుగు హార్డ్‌డిస్కులు బిగించి, డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) వేసి ఇంట్లో సర్వర్‌లా వాడుకునేవాళ్ళు మనలో బాగానే ఉన్నారు. ఫొటోల బ్యాకప్, సినిమాలు, సీసీ కెమెరా రికార్డింగులు అన్నీ దాంట్లోకే పోతాయి, రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంటుంది. అందరికీ వచ్చే ఇబ్బంది ఒకటే, ఫ్యాన్లు ఫుల్‌గా తిరిగితే పక్క గదిలో కూడా నిద్ర పట్టదు, తగ్గిస్తే డిస్కులు ఏమైపోతాయో అని భయం. ఈ రెండిటికీ మధ్యలో సెట్ చేసుకోవడం ఎలాగో మొదటి నుంచి చివరి దాకా చెప్తా. డెబియన్, ఉబుంటు, ప్రాక్స్‌మాక్స్ మూడిట్లోనూ ఇదే పద్ధతి. ప్రాక్స్‌మాక్స్ (ఒకే మెషీన్‌లో చాలా వర్చువల్ మెషీన్లు నడిపేది) అయితే ఇదంతా హోస్ట్ మీదే, అంటే అసలు మెషీన్ మీదే చెయ్యాలి, లోపలున్న వర్చువల్ మెషీన్‌కి అసలు ఫ్యాన్లే కనిపించవు.

బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగ్స్‌లో) స్మార్ట్ ఫ్యాన్ ఉందిగా, అది చాలదా అంటే, సీపీయూ ఫ్యాన్ వరకు చాలు, దాన్ని బయోస్‌కే వదిలెయ్యండి, ముట్టుకోవద్దు. ప్రాసెసర్ వేడి సెకనులో ఇరవై డిగ్రీలు ఎగిరిపోగలదు, దాన్ని చూసుకునే పని బోర్డు చిప్పే బాగా చేసుద్ది, లినక్స్ హ్యాంగ్ అయినా ఆ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. కానీ మామూలు బోర్డుల్లో బయోస్‌కి హార్డ్‌డిస్క్ వేడి ఎంతో తెలీదు. ముందువైపు ఫ్యాన్లు గాలి కొట్టేది డిస్కుల మీదకి, బయోస్ వాటిని తిప్పేదేమో ప్రాసెసర్ వేడినో బోర్డు వేడినో చూసి. అందుకే డిస్కులు 50 దాటినా ప్రాసెసర్ ఖాళీగా ఉందని ఫ్యాన్ నిదానంగా తిరుగుద్ది, అదే ఎవరో సినిమా పెడితే ట్రాన్స్‌కోడింగ్ (వీడియోని వేరే ఫార్మాట్‌లోకి మార్చడం) మొదలై డిస్కులు చల్లగా ఉన్నా ఫ్యాన్ గోల మొదలవుద్ది. మనం సాఫ్ట్‌వేర్‌తో పట్టుకోవాల్సింది ఆ ముందు ఫ్యాన్లనే.

ముందు వైరు చూడండి

సర్వర్ ఆపి మూత తీసి ఫ్యాన్ కనెక్టర్‌కి ఎన్ని పిన్నులున్నాయో చూడండి. నాలుగు ఉంటే పీడబ్ల్యూఎం ఫ్యాన్, అంటే గ్రౌండు, 12 వోల్టులు, ఎంత స్పీడ్‌లో తిరుగుతుందో చెప్పే వైరు, స్పీడ్ ఆర్డర్ ఇచ్చే వైరు. మూడే ఉంటే ఆ చివరి వైరు ఉండదు, వోల్టేజ్ తగ్గించే స్పీడ్ తగ్గించాలి. చాలా బోర్డుల్లో ఒక్కో హెడర్‌కి (ఫ్యాన్ తగిలించే పిన్నులకి) పీడబ్ల్యూఎం మోడా డీసీ (వోల్టేజ్) మోడా అని బయోస్‌లో ఎంచుకునే వీలుంటుంది, ఫ్యాన్‌కి తగ్గ మోడ్ పెట్టండి. మూడు పిన్నుల ఫ్యాన్‌ని పీడబ్ల్యూఎం మోడ్‌లో వదిలేస్తే మీరు ఎంత నంబర్ ఇచ్చినా అది ఫుల్‌గానే తిరుగుద్ది, తప్పు సాఫ్ట్‌వేర్‌లో ఉందేమో అని గంటలు గంటలు వెతుక్కుంటారు. ఇంకోటి, ఫ్యాన్‌ని పవర్ సప్లై నుంచి వచ్చే పెద్ద నాలుగు పిన్నుల వైరుకి నేరుగా తగిలించి ఉంటే దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ కంట్రోల్ చెయ్యలేదు, తీసి బోర్డు మీద హెడర్‌కి పెట్టండి.

సెన్సర్లు కనపడేలా చెయ్యడం

ఎల్ఎం-సెన్సర్స్, ఫ్యాన్‌కంట్రోల్ అని రెండు ప్యాకేజీలు ఆప్ట్‌తో ఇన్‌స్టాల్ చేసుకోండి. తర్వాత సుడోతో సెన్సర్స్-డిటెక్ట్ రన్ చెయ్యండి, అది వరసగా ప్రశ్నలు అడుగుద్ది, ప్రతిదానికీ ఎంటర్ కొట్టుకుంటూ పొండి, డిఫాల్ట్ జవాబు సేఫ్‌గానే ఉంటుంది. చివర్లో మాత్రం, దొరికిన మాడ్యూళ్ళని (డ్రైవర్లని) ఈటీసీలోని మాడ్యూల్స్ ఫైల్లో రాయమంటావా అని అడిగినప్పుడు ఎస్ అని టైప్ చెయ్యాలి, అక్కడ డిఫాల్ట్ నో. ఇంటెల్ అయితే కోర్‌టెంప్, ఏఎండీ అయితే కే10టెంప్, వీటితో పాటు బోర్డు మీదున్న ఫ్యాన్ చిప్‌కి ఎన్‌సీటీ6775 గానీ ఐటీ87 గానీ దొరుకుతుంది. ఫ్యాన్లు ఉండేది ఈ చివరి చిప్ కిందే. రీబూట్ చేసి సెన్సర్స్ అని కొడితే ఫ్యాన్ల ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) కనపడాలి.

కనపడకపోతే రెండు కారణాలు ఎక్కువగా ఉంటాయి. ఒకటి, ఆ చిప్ అడ్రస్‌ని ఏసీపీఐ (బయోస్ వైపు నుంచి పవర్, హార్డ్‌వేర్ చూసుకునేది) తనదే అని పట్టుకుని కూర్చోవడం, అప్పుడు కెర్నల్ మెసేజ్‌లు చూపించే డీమెసేజ్ (dmesg)లో రిసోర్స్ కాన్‌ఫ్లిక్ట్ అని వస్తుంది. గ్రబ్‌లో (లినక్స్‌ని బూట్ చేసే ప్రోగ్రాంలో) కెర్నల్ లైన్‌కి ఏసీపీఐ_ఎన్‌ఫోర్స్_రిసోర్సెస్=లాక్స్ (lax) అని చేరిస్తే లోడవుద్ది, ఐటీ87 కొత్త వెర్షన్లలో దాని బదులు మాడ్యూల్‌కే ఇగ్నోర్_రిసోర్స్_కాన్‌ఫ్లిక్ట్=1 అని ఇవ్వొచ్చు, నేనైతే రెండోదే పెట్టమంటా, ఎందుకంటే అది ఆ ఒక్క డ్రైవర్‌కే వర్తిస్తుంది, మొదటిది సిస్టమ్ మొత్తానికీ తలుపు తెరుస్తుంది. రెండో కారణం, మీ బోర్డు కొత్తది, అందులో ఐటీఈ కంపెనీ చిప్‌కి కెర్నల్‌లో ఇంకా సపోర్ట్ రాలేదు. దానికి కెర్నల్ బయట గిట్‌హబ్‌లో నడుస్తున్న ఐటీ87 డ్రైవర్‌ని డీకేఎంఎస్‌తో (కెర్నల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ని మళ్ళీ బిల్డ్ చేసేది) వేసుకోవాలి.

ఇప్పుడు డిస్కుల వేడి. మోడ్‌ప్రోబ్ డ్రైవ్‌టెంప్ అని కొట్టండి. ఈ డ్రైవర్ 2020లో వచ్చిన 5.6 కెర్నల్ నుంచి ఉంది, కాబట్టి డెబియన్ 11, ఆ తర్వాతవి అన్నిట్లో ఉంటుంది. దీనివల్ల ప్రతి సాటా డిస్కూ ఒక సెన్సర్‌లా కనపడుద్ది. యూఎస్‌బీ డబ్బాలో పెట్టిన డిస్కులు చాలాసార్లు ఇందులోకి రావు, వాటికి స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్‌తో చూసుకోవాలి. మాడ్యూల్స్ ఫైల్లో డ్రైవ్‌టెంప్‌ని ఫ్యాన్ చిప్ మాడ్యూల్ కింద, చివరి లైన్లో రాయండి, ఈ వరస ఎందుకో కిందకి వెళ్ళాక తెలుస్తుంది.

ఏ నంబర్ ఏ ఫ్యాన్‌దో చేత్తో తేల్చుకోండి

పీడబ్ల్యూఎంకాన్ఫిగ్ అనే స్క్రిప్ట్ ఇదంతా అదే కనుక్కుంటుంది, అయినా ఒకసారి చేత్తో చేసుకోండి, తర్వాత ఏం జరిగినా అర్థం అవుద్ది. రూట్ షెల్‌లోకి వెళ్ళండి, సుడో ముందు పెట్టి ఎకో కొడితే ఫైల్లోకి రాసే పని మీ మామూలు షెల్లే చేస్తుంది కాబట్టి పర్మిషన్ లేదంటుంది. సిస్ కింద క్లాస్ కింద హెచ్‌డబ్ల్యూమాన్ ఫోల్డర్లో హెచ్‌డబ్ల్యూమాన్0, 1, 2 అని ఉంటాయి, ఒక్కోదాంట్లో నేమ్ అనే ఫైల్ చదివితే ఏ చిప్పో చెప్తుంది. ఫ్యాన్ చిప్ ఉన్న ఫోల్డర్లో పీడబ్ల్యూఎం1, పీడబ్ల్యూఎం2 ఫైళ్ళు ఉంటాయి, వాటి విలువ 0 నుంచి 255, అంటే 255 ఫుల్, 128 సగం. పక్కనే పీడబ్ల్యూఎం2_ఎనేబుల్ అని ఉంటుంది, అందులో 1 రాస్తే కంట్రోల్ మన చేతికి వస్తుంది. రాసే ముందు అందులో ఏముందో చూసి పెట్టుకోండి, ఎన్‌సీటీ6775లో సాధారణంగా 5 ఉంటుంది, ఐటీ87లో 2, మళ్ళీ ఆ నంబర్ రాస్తే బోర్డు ఆటోమేటిక్‌కి వెళ్ళిపోతుంది.

ఎనేబుల్‌లో 1 రాసి, పీడబ్ల్యూఎం2లో 255 రాయండి, చెవి పెట్టి వినండి, తర్వాత 100 రాయండి, ఫ్యాన్2_ఇన్‌పుట్ చదివితే ఆర్‌పీఎం పడిపోవాలి. అలా ఒక్కో నంబర్ చూసుకుంటూ ముందు ఫ్యాన్ ఏది, వెనక ఫ్యాన్ ఏది అని కాగితం మీద రాసుకోండి. సీపీయూ ఫ్యాన్ అని తేలిన నంబర్‌ని వెంటనే పాత మోడ్‌కి తిప్పేసి ఇక దాని జోలికి పోవద్దు.

ముందు ఫ్యాన్ మీద ఇంకొక్క పని. 100 నుంచి పదేసి తగ్గిస్తూ పోండి, ఒక్కో నంబర్ దగ్గర పావు నిమిషం ఆగండి, ఎక్కడో ఒక చోట ఆగిపోతుంది, ఆ నంబర్ గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు ఆగిన ఫ్యాన్‌ని కింద నుంచి పదేసి పెంచుకుంటూ రండి, ఎక్కడ మళ్ళీ తిరగడం మొదలుపెడితే అది స్టార్ట్ నంబర్. ఎప్పుడూ స్టార్ట్ నంబర్ ఆగే నంబర్ కంటే ఎక్కువే ఉంటుంది, ఉదాహరణకి 50 దగ్గర ఆగే ఫ్యాన్ మళ్ళీ లేవాలంటే 80 కావాల్సి రావొచ్చు. కొన్ని పీడబ్ల్యూఎం ఫ్యాన్లు 0 ఇచ్చినా తమ కనీస స్పీడ్‌లో తిరుగుతూనే ఉంటాయి, అదేం తప్పు కాదు. ఈ పరీక్ష వేసవిలో ఒకసారి, దుమ్ము పట్టాక ఒకసారి చేస్తే నంబర్లు కాస్త మారతాయి, అందుకే దొరికిన దానికి 20 కలుపుకుని వాడండి. డిస్కులున్న సర్వర్‌లో ముందు ఫ్యాన్ పూర్తిగా ఆగిపోయే సెట్టింగ్ నేను ఎవరికీ చెప్పను. స్పీడ్ సగం చేస్తే శబ్దం లెక్కప్రకారం 15 డెసిబెల్స్ దాకా పడిపోతుంది, ఫ్యాన్ తినే కరెంటు ఎనిమిదో వంతుకి వస్తుంది, అంటే 40 శాతం దగ్గరే దాదాపు వినపడదు, అక్కడి నుంచి సున్నాకి తగ్గించి మిగుల్చుకునేది ఏమీ లేదు.

ఎన్ని డిగ్రీల దగ్గర ఎంత స్పీడ్: అసలు తెలివి ఇక్కడే కావాలి

నెట్‌లో దొరికే సెట్టింగుల్లో చాలావాటిలో 30 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి 40కి ఫుల్ అని ఉంటుంది. అది రాసినవాళ్ళ గది 20 డిగ్రీలు. అమెరికాలో బేస్‌మెంట్‌లోనో సెంట్రల్ ఏసీ ఇంట్లోనో సర్వర్ పెట్టుకున్న మనవాళ్ళకి అది సరిగ్గా సరిపోద్ది. అదే సెట్టింగ్ గుంటూరులోనో రామగుండంలోనో మే నెలలో పెడితే, బయట 44, ఏసీ లేని గదిలో 37, 38 ఉంటుంది, డిస్కు ఏం చేసినా గది కంటే చల్లబడదు కాబట్టి ఫ్యాన్ మూడు నెలలు ఏకబిగిన ఫుల్‌లో తిరుగుద్ది. అప్పుడు ఈ పనంతా చేసి ప్రయోజనం ఏముంది?

కాబట్టి ముందు మీ గదిలో కొలుచుకోండి. సర్వర్ పక్కన మామూలు థర్మామీటర్ పెట్టండి. ఫ్యాన్‌ని 255లో పెట్టి రెండు గంటలు వదిలేసి డిస్కుల వేడి చూడండి, తర్వాత 100లో పెట్టి ఇంకో రెండు గంటలు. గది వేడిని అందులోంచి తీసేస్తే మిగిలేది మీ క్యాబినెట్ లెక్క. ఉదాహరణకి ఫుల్‌లో గది కంటే 6 ఎక్కువ, 100 దగ్గర 10 ఎక్కువ అనుకోండి. డిసెంబర్లో గది 24 ఉంటే నిదానం ఫ్యాన్‌తోనే డిస్కు 34 దగ్గర ఉంటుంది, మేలో గది 37 అయితే నిదానంలో 47, ఫుల్‌లో 43. ఇప్పుడు లెక్క మీ కళ్ళ ముందే ఉంది, 39 దాకా కనీస స్పీడ్, అక్కడి నుంచి మెల్లగా పెరుగుతూ 48కి ఫుల్. ఇలా పెడితే చలికాలమంతా సర్వర్ నోరెత్తదు, ఎండాకాలం మధ్యాహ్నాలు మాత్రం వినపడుద్ది, రాత్రికి తగ్గిపోతుంది.

48 అంటే ఎక్కువ కాదా అని అడుగుతారు. మామూలు హార్డ్‌డిస్కులకి తయారీదారులు ఇచ్చే పరిమితి ఎక్కువగా 60 డిగ్రీలు, కొన్నిటికి 65. గూగుల్ వాళ్ళు 2007లో లక్షకి పైగా డిస్కుల మీద చేసిన అధ్యయనంలో తేలింది కూడా, మధ్యస్థ వేడిలో ఉన్న డిస్కులు చల్లగా ఉన్నవాటి కంటే ఎక్కువగా ఏమీ పోలేదు, బాగా వేడెక్కినప్పుడే తేడా కనపడింది, అదీ ముఖ్యంగా పాతబడిన డిస్కుల్లో. అందుకని 30లో ఉంచాలని తాపత్రయపడొద్దు, 50 దాటకుండా చూసుకోండి చాలు.

మన ఇళ్ళలో ఇంకో సంగతి ఉంది. సర్వర్ ఇన్వర్టర్ మీద ఉంటుంది, ఏసీ ఉండదు. మధ్యాహ్నం కరెంటు పోతే గది గంటలో ఐదారు డిగ్రీలు ఎక్కుద్ది, సర్వర్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఏసీ గదిలో పెట్టాం కదా అని పైన చెప్పిన ఫుల్ పాయింట్‌ని ఇంకా పైకి జరపొద్దు.

కాన్ఫిగ్ రాయడం

ఇప్పుడు పీడబ్ల్యూఎంకాన్ఫిగ్ రన్ చెయ్యండి. అది ఒక్కో ఫ్యాన్‌ని కొన్ని సెకన్లు ఆపి ఏ ఆర్‌పీఎం పడిందో చూస్తుంది, సీపీయూ ఫ్యాన్‌ని కూడా ఆపుతుంది కాబట్టి ఆ టైమ్‌లో సర్వర్‌కి బరువు పని ఏమీ ఇవ్వొద్దు. తర్వాత ఏ ఫ్యాన్ కాన్ఫిగర్ చెయ్యాలని అడిగితే ముందు ఫ్యాన్ నంబర్ ఇవ్వండి, ఏ సెన్సర్ చూడాలంటే డ్రైవ్‌టెంప్ డిస్కుల్లో అన్నిటికంటే వేడెక్కేదాన్ని ఇవ్వండి. మామూలుగా అది మధ్య స్లాట్‌లో రెండు డిస్కుల నడుమ ఇరుక్కున్నదే అవుద్ది. మిన్‌టెంప్ 39, మ్యాక్స్‌టెంప్ 48, మిన్‌స్టార్ట్ మీరు కొలిచినది, మిన్‌పీడబ్ల్యూఎం దగ్గర 0 ఇవ్వకుండా 100 ఇవ్వండి, మిన్‌స్టాప్ కూడా 100 పెట్టెయ్యండి, లైను అక్కడి నుంచే నునుపుగా ఎక్కుద్ది. ఇదంతా ఈటీసీలో ఫ్యాన్‌కంట్రోల్ అనే ఫైల్లో సేవ్ అవుద్ది, చేత్తో మార్చుకోవచ్చు. ఇంటర్వెల్ 10 సెకన్లు ఉంటుంది, 30 చెయ్యండి, డిస్కు వేడి నిమిషాల మీద మారేది, దానికంత హడావుడి అక్కర్లేదు. తర్వాత సిస్టమ్‌సీటీఎల్‌తో ఫ్యాన్‌కంట్రోల్ సర్వీస్‌ని ఎనేబుల్ చేసి స్టార్ట్ చెయ్యండి.

ఒకరోజు రీబూట్ చేశాక సర్వీస్ లేవకుండా, కాన్ఫిగరేషన్ పాతబడింది, పీడబ్ల్యూఎంకాన్ఫిగ్ మళ్ళీ రన్ చెయ్యి అని మెసేజ్ రావొచ్చు. హెచ్‌డబ్ల్యూమాన్ నంబర్లు పుట్టుకతో వచ్చేవి కావు, ఏ డ్రైవర్ ముందు లోడైతే దానికి ముందు నంబర్. కొత్త డిస్కు ఒకటి బిగించినా నంబర్లన్నీ జరగొచ్చు, నిన్న హెచ్‌డబ్ల్యూమాన్3గా ఉన్న డిస్కు ఇవ్వాళ 4 అవుద్ది. ఫ్యాన్‌కంట్రోల్ ఫైల్లో పేర్లు సరిపోల్చి తేడా ఉంటే ఆగిపోతుంది, అది మంచి గుణమే, తప్పు ఫ్యాన్‌ని తిప్పదు. డ్రైవ్‌టెంప్‌ని చివర్లో రాయమన్నది ఇందుకే, డిస్కులు మారినా ఫ్యాన్ చిప్ నంబర్ కదలకుండా ఉంటుంది.

డిస్కులన్నీ చూడాలంటే

ఫ్యాన్‌కంట్రోల్ ఒక ఫ్యాన్‌కి ఒక సెన్సర్‌నే చూస్తుంది. రెండు డిస్కులుంటే పర్లేదు, నాలుగో ఆరో ఉంటే అన్నిట్లో ఎక్కువ వేడి దేనిదో చూసి తిప్పాలి. ఫ్యాన్2గో, హెచ్‌డీడీఫ్యాన్‌కంట్రోల్ లాంటి రెడీమేడ్ ప్రోగ్రాములు ఉన్నాయి, కానీ సొంత బాష్ స్క్రిప్ట్ ఇరవై లైన్లు కూడా కాదు. హెచ్‌డబ్ల్యూమాన్ ఫోల్డర్లన్నీ తిరిగి నేమ్ డ్రైవ్‌టెంప్ అని ఉన్నవాటిలో టెంప్1_ఇన్‌పుట్ చదవాలి, అది మిల్లీ డిగ్రీల్లో ఉంటుంది, 41000 అంటే 41. వాటిల్లో పెద్దది తీసుకుని, 39 లోపు అయితే 100, 48 పైన అయితే 255, మధ్యలో అయితే 39కి పైనున్న ప్రతి డిగ్రీకి 17 చొప్పున 100కి కలిపి రాయాలి, నిమిషం నిద్రపోయి మళ్ళీ మొదలుపెట్టాలి. తగ్గించేటప్పుడు మాత్రం వేడి రెండు డిగ్రీలు పడ్డాకే తగ్గించండి, లేకపోతే 42, 43 మధ్య ఊగుతూ ఫ్యాన్ శబ్దం పెరుగుతూ తగ్గుతూ చెవికి చిరాకు పుట్టిస్తుంది. నంబర్ బదులు పేరుతో వెతుకుతున్నాం కాబట్టి పైన చెప్పిన నంబర్ల గొడవ కూడా దీనికి ఉండదు. ఫ్యాన్‌కంట్రోల్ సర్వీస్‌ని ఆపేసి డిజేబుల్ చేశాకే దీన్ని పెట్టండి, ఇద్దరు డ్రైవర్లు ఒకే స్టీరింగ్ పట్టుకోకూడదు.

డిస్కులు ఖాళీగా ఉన్నప్పుడు స్పిన్‌డౌన్ అయ్యేలా (తిరగడం ఆపేలా) పెట్టుకున్నవాళ్ళు ఒకటి గమనించండి, కొన్ని డిస్కుల్లో వేడి చదివిన ప్రతిసారీ స్పిన్‌డౌన్ టైమర్ మళ్ళీ మొదటికొస్తుంది, అంటే అవి ఎప్పటికీ నిద్రపోవు. డ్రైవ్‌టెంప్ డాక్యుమెంటేషన్‌లోనే ఈ సంగతి రాశారు. అలా జరుగుతుంటే చదివే గ్యాప్‌ని స్పిన్‌డౌన్ టైమ్ కంటే ఎక్కువ చెయ్యండి, లేదా స్పిన్‌డౌన్ మానెయ్యండి.

తేడా వస్తే ఫ్యాన్ ఫుల్‌కి పోవాలి

స్క్రిప్ట్ చచ్చిపోతే ఫ్యాన్ ఆఖరిసారి రాసిన నంబర్ దగ్గరే ఉండిపోద్ది, అది 100 అయితే మే నెల మధ్యాహ్నం డిస్కులు ఉడికిపోతాయి, చూసేవాళ్ళు ఉండరు. ఫ్యాన్‌కంట్రోల్‌ని మామూలుగా ఆపితే పాత మోడ్‌కి తిప్పిగానీ పోదు, కానీ కిల్ -9 (బలవంతంగా చంపే కమాండ్) పడితే దానికీ ఆ అవకాశం ఉండదు. అందుకని స్క్రిప్ట్‌ని సిస్టమ్‌డీ సర్వీస్‌గా నడిపి, దాని యూనిట్ ఫైల్లో ఎగ్జెక్‌స్టాప్‌పోస్ట్ లైన్ పెట్టి అందులో 255 రాయించండి, సర్వీస్ ఎలా చచ్చినా ఆ లైన్ నడుస్తుంది, రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్ కూడా చేర్చండి. స్క్రిప్ట్ లోపల ఒక్క డిస్కు వేడి కూడా చదవలేకపోతే 0 అనుకుని కనీస స్పీడ్‌కి పోకుండా నేరుగా 255 రాయాలి. డిస్కుల ఆరోగ్యం చూస్తుండే స్మార్ట్‌డీ ప్రోగ్రాం కాన్ఫిగ్‌లో డబ్ల్యూ (-W) ఆప్షన్‌కి 4,50,55 ఇస్తే 50కి లాగ్‌లో రాసి 55కి వార్నింగ్ మెయిల్ పంపుతుంది.

ఇక టెస్ట్. ప్రాసెసర్‌ని కాల్చే ప్రోగ్రాములు దీనికి పనికిరావు, డిస్కులు కదలాలి. డిస్కులన్నీ కలిపి జెడ్‌ఎఫ్‌ఎస్‌తో వాడుతుంటే స్క్రబ్, ఎండీ రెయిడ్‌తో అయితే చెక్ (డేటా అంతా చదివి సరిచూడడం) మొదలుపెట్టండి, అన్ని డిస్కులూ గంటల తరబడి చదువుతూనే ఉంటాయి, ఇంతకంటే కఠినమైన పరీక్ష ఇంట్లో దొరకదు. డెబియన్‌లో ఎండీ రెయిడ్ చెక్ ప్రతి నెలా మొదటి ఆదివారం దానంతటదే నడుస్తుంది కాబట్టి ఆ రోజు ఫ్యాన్ గట్టిగా తిరిగితే కంగారుపడకండి. చెక్ మధ్యలో ఒకసారి, రీస్టార్ట్ లైన్‌ని కాసేపు తీసేసి (అది ఉంటే సర్వీస్ వెంటనే లేచి స్పీడ్ మళ్ళీ మార్చేస్తుంది), సర్వీస్‌ని కావాలనే కిల్ -9తో చంపి ఫ్యాన్ ఫుల్‌కి ఎక్కుతుందో లేదో చెవులతో విని చూడండి.

సూపర్‌మైక్రో లాంటి అసలైన సర్వర్ బోర్డు కొన్నవాళ్ళకి దారి వేరు, అక్కడ ఫ్యాన్లు బీఎంసీ (బోర్డు మీదున్న విడి కంట్రోల్ చిప్) చేతిలో ఉంటాయి, దాంతో ఐపీఎంఐటూల్ అనే కమాండ్‌తో మాట్లాడాలి. ఆ బోర్డులకి నిదానంగా తిరిగే పెద్ద ఫ్యాన్లు పెడితే ఆర్‌పీఎం కింది పరిమితి దాటగానే బీఎంసీ ఫ్యాన్ పాడైందనుకుని అన్నిటినీ ఫుల్‌కి లేపుతుంది, మళ్ళీ తగ్గిస్తుంది, మళ్ళీ లేపుతుంది. ఐపీఎంఐటూల్‌లో సెన్సర్ థ్రెష్ కమాండ్‌తో ఆ ఫ్యాన్ కింది పరిమితులు మూడూ తగ్గిస్తే ఆగిపోతుంది.

కెర్నల్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ రీబూట్ తర్వాత సర్వీస్ స్టేటస్ ఒకసారి చూసుకోండి, డీకేఎంఎస్ డ్రైవర్ వాడేవాళ్ళు మరీ ముఖ్యంగా, కొత్త కెర్నల్‌కి అది బిల్డ్ అవ్వకపోతే పీడబ్ల్యూఎం ఫైళ్ళే ఉండవు, ఫ్యాన్ బయోస్ చేతికి వెళ్ళిపోయి ఉంటుంది.